రాసిచ్చిన పాత్ర ఎవ్వలది?

ఇయ్యాల మన ఊర్ల పోరగాళ్ల ఫోన్లల్ల ఒక నాటకం నడుస్తున్నది. దానికి స్టేజీ లేదు, పరదా లేదు, టికెటు లేదు. డిస్కార్డ్‌ల ఒక సర్వరో, టెలిగ్రామ్‌ల ఒక గ్రూపో పెట్టుకుంటరు. ఇద్దరు ముగ్గురు కలిసి తలా ఒక పాత్ర పట్టుకుంటరు. ఆ పాత్ర ఎట్ల మాట్లాడ్తదో అట్లనే మెసేజీలు రాసుకుంట కథను ముందటికి గుంజుతరు. దీన్నే రోల్‌ప్లే అంటరు. జీటీఏ ఫైవ్ ఆటల పోలీసు, డాక్టరు, టాక్సీ డ్రైవరు వేషాలు కట్టి గొంతుతోని ఆడేది కూడ ఇదే జాతి. తెలుగుల ఆడెటోళ్లు, యూట్యూబ్‌ల లైవ్ పెట్టెటోళ్లు మస్తు మంది ఉన్నరు.

పెద్దమనుషులకు ఇది టైంపాస్ లెక్క కనవడ్తది. నాకు అట్ల కనవడ్తలేదు. బడిల వ్యాసం రాయుమంటె గైడు చూసి దించిన పిల్లలే ఈడ సగం రాత్రి దాక కూసోని సొంతంగ మనుషులను పుట్టిస్తున్నరు. వాళ్లకు పేరు, ఊరు, భయం, కోపం, నత్తి, పంతం అన్నీ పెడ్తున్నరు. ఇది రాత పని. రాత పని అన్నంక హక్కు ఉంటది, హక్కు ఉన్నకాడ కొట్లాట ఉంటది. ఆ కొట్లాట గురించే ఈ ముచ్చట.

అన్న పాత్ర లొల్లి

కొట్లాట ఎట్ల మొదలైతదో సమఝ్ కావాలంటె ఒక లెక్క చెప్త. ఒక చెల్లె కథ అల్లుకున్నది అనుకుందాం. చిన్నప్పుడు జాతరల తప్పిపోయిన అన్నను ఎతుక్కుంట తిరిగే ఆడిపిల్ల కథ. చెల్లె పాత్ర తాను ఆడ్తది. అన్న పాత్రను ముందుగాలనే రెండు పేజీలు రాసిపెట్టింది. ఎక్కడ పెరిగిండు, ఏం పని చేస్తడు, చెయ్యి మీద మచ్చ ఎట్ల పడ్డది, మనసుల ఏం దాసుకున్నడు అనేది మొత్తం అండ్ల ఉన్నది. ఆ పాత్రను ఆన్‌లైన్ల దొరికిన ఒక సోపతికి ఇచ్చి ఆడుమన్నది.

ఆ సోపతి ఆరు నెలలు ఆడిండు. చెల్లె రాయని మాటలు మస్తు రాసిండు. అన్నకు ఒక నవ్వు పెట్టిండు, ఒక పాట పెట్టిండు, ఒక దోస్తును పెట్టిండు. తర్వాత ఇద్దరికి పడలేదు. ఆయన ఆ అన్నను తీస్కపోయి ఇంకో గ్రూపుల ఇంకో కథల పెట్టిండు. "నేను రాసిన పాత్ర నాకియ్యి" అని ఈమె. "నేను పానం పోసిన, నాది" అని ఆయన. అండ్ల ఎవ్వలది న్యాయం?

మన జాగల ఒకరు రాసిన వేషాన్ని ఇంకొకరు కట్టుడు కొత్త కాదు. చిందు భాగవతంల, వీధి నాటకంల తరాల నుంచి అదే నడిచింది. గాని ఆడ ఒక తేడా ఉన్నది. తెల్లారంగ రంగు కడుక్కుంటరు, కిరీటం పెట్టెల పెడ్తరు. ఎవ్వలు ఏం వేషం కట్టిన్రో ఊరంతటికి ఎరుక. ఫోన్ల తెల్లారుడు లేదు. రాసిన ప్రతి మాట అట్లనే ఉంటది. అవుతల కట్టినోడు ఎవ్వడో, ఏ ఊరోడో తెల్వది.

30 ఏండ్ల కిందటి పంచాయితి

గీ లొల్లి ఫోన్లు వచ్చినంక పుట్టింది కాదు. 1993ల అమెరికాల లాంబ్డామూ అనే ఒక ఆన్‌లైన్ లోకం ఉండె. బొమ్మలు లేవు, ఉన్నదంత రాతనే. జనం పాత్రలు కట్టుకొని అండ్ల తిరిగెటోళ్లు. మిస్టర్ బంగిల్ అనే పాత్ర కట్టినోడు ఒక చిన్న ప్రోగ్రాం వాడి, వేరేటోళ్ల పాత్రలు వాళ్ల ఇష్టం లేకుంటనే చండాలమైన పనులు చేస్తున్నట్టు రాసిండు. ఆ పాత్రల వెనుక ఉన్న మనుషులు తెర ముందట కూసోని చూసుడే అయింది. దాని గురించి రాసేటప్పుడు కండ్లల్ల నీళ్లు కారినయని ఒకామె తర్వాత జూలియన్ డిబెల్ అనే విలేకరికి చెప్పింది. ఆయన విలేజ్ వాయిస్ పత్రికల ఆ సంగతి మొత్తం రాసిండు. లాంబ్డామూ జనం కూడి పంచాయితి పెట్టిన్రు. ఆఖరికి దాన్ని నడిపేటోళ్లల్ల ఒకాయన బంగిల్ పాత్రను తీసేసిండు. తర్వాత అర్జీలు పెట్టి ఓట్లు వేసుకునే పద్ధతి వచ్చింది.

"ఉత్త రాతనే కద" అని అప్పుడు అన్నోళ్లు ఉన్నరు, ఇప్పుడు అనెటోళ్లు ఉన్నరు. రాత ఉత్తదైతె మనకు కథ విని ఏడుపెందుకొస్తది? పాత్ర వెనుక మనిషి ఉన్నడు. ఒకరి పాత్రను వాళ్లను అడగకుంట చంపుడు, పెండ్లి చేసుడు, ఇజ్జత్ తీసుడు ఆ మనిషిని తాకుతది. అందుకే ఇయ్యాల మంచిగ నడిచే రోల్‌ప్లే సర్వర్లల్ల "అవుతలోళ్ల పాత్ర చేతులు నువ్వు కదపొద్దు" అనేది మొదటి కట్టుబాటు. పాత్రను శాశ్వతంగ చంపాలంటె దాన్ని ఆడేటోళ్లను అడగాలంటరు.

రాసిచ్చిన పాత్రకు ఈ కట్టుబాటు ఇంకింత చిక్కు. ఇచ్చినామెకు దాని పుట్టుక మొత్తం తెల్సు, లోపటి రహస్యం తెల్సు. ఆడేటాయన "చేతులు నావి" అంటడు, ఇచ్చినామె "పుట్టుక నాది" అంటది. ఇద్దరిదీ నిజమే. అందుకే ఇచ్చేటప్పుడే మాట అనుకోవాలె.

చట్టం ఏం చెప్తది

మనకు 1957 నాటి కాపీరైట్ చట్టం ఉన్నది. దాని లెక్కన, సొంతంగ రాసుకున్నదానికి మొదటి హక్కుదారు రాసినోళ్లే. రిజిస్ట్రేషన్ చేపియ్యకున్నా హక్కు ఉంటది. రాసినోళ్లు బతికినన్ని రోజులు, తర్వాత 60 ఏండ్లు ఉంటది. గాని "తప్పిపోయిన అన్న" అనే ఉత్త ఆలోచన ఎవ్వలి సొత్తు కాదు. ఆ ఆలోచనను నువ్వు ఏ మాటలల్ల పెట్టినవో ఆ రాత నీది. పాత్ర బాగ తీర్చి దిద్దినదైతె కోర్టులు దాన్ని కూడ లెక్కల తీసుకుంటయి. నాగరాజ్ కామిక్స్ వేసే కంపెనీ, నాగేశ్ పేరు మీద అసొంటి పాత్రనే దించిన ఇంకో కంపెనీ మీద ఢిల్లీ హైకోర్టుకు పోయి ఆపిచ్చింది.

అంటె మన చెల్లె రాసిన రెండు పేజీలు చెల్లెవి. సోపతి రాసిన ఆరు నెలల మెసేజీలు సోపతివి. ఇద్దరు కలిసి అల్లిన కథల ఇద్దరికి పాలు ఉన్నది. "ఆడుకో" అని ఇచ్చినంత మాత్రాన హక్కు రాసిచ్చినట్టు కాదు. హక్కు రాసియ్యాలంటె కాయిదం ఉండాలె, సంతకం ఉండాలె. ఎన్నేండ్లకని అండ్ల రాయకుంటె 5 ఏండ్లకే అని చట్టం అంటది. ఇంత చిన్న కథ కోసం ఎవ్వలు కోర్టుకు పోరు, అది నాకు ఎరుకే. గాని హక్కు ఉన్నదని తెల్సినోని మాట తీరు వేరే ఉంటది.

నడుమ కూసున్న మూడోడు

ఇద్దరు సోపతుల లొల్లి ఇద్దరు కూసోని తెంపుకోవచ్చు. అసలు భయం నడుమల కూసున్న కంపెనీతోని.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటతోనే 1974ల అమెరికాల ఈ రోల్‌ప్లే ఆటలు జోరందుకున్నయి. బల్ల చుట్టు కూసోని ఆడే ఆట. కొత్తగ వచ్చినోళ్లకు ముందే రాసిపెట్టిన పాత్ర కాయిదం చేతుల పెట్టి కూసోపెట్టుడు ఆ ఆటల ఇప్పటికీ అలవాటు. 2000ల దాని కంపెనీ ఒక ఓపెన్ లైసెన్సు ఇచ్చింది. మా నియమాల మీద మీరు కథలు, పాత్రలు రాసి అమ్ముకోవచ్చు అన్నది. దాన్ని నమ్మి ఎంతోమంది బతుకుదెరువు పెట్టుకున్నరు. 2023 జనవరిల కొత్త లైసెన్సు ముసాయిదా బయటికి పొక్కింది. ఏడాదికి 7,50,000 డాలర్లు దాటి సంపాదించెటోళ్లు ఆపై సొమ్ముల 25 శాతం దాక కట్టాలె. వాళ్లు రాసినదాన్ని కంపెనీ ఎప్పటికీ ఉచితంగ వాడుకోవచ్చు. ఆడేటోళ్లు ఊకోలేదు, కంపెనీ సైటుకు కట్టే చందాలు బంద్ పెట్టిన్రు. నెల తిరగకముందే కంపెనీ దిగొచ్చింది. ఆట మూల నియమాలను ఎవ్వలైనా వాడుకునే తీరుగ క్రియేటివ్ కామన్స్ కింద పెట్టింది. జనం కలిసి నిలవడితె ఏమైతదో ఇది సాక్ష్యం.

ఇంకో సంగతి. ఇప్పుడు అవుతల మనిషికి బదులు మెషీన్‌ను కూసోపెట్టి ఆడే సైట్లు వచ్చినయి. క్యారెక్టర్ ఏఐ అండ్ల పేరుబడ్డది, 2022ల జనానికి తెరిచిన్రు. ఈడ పాత్రలు రాసేది మామూలు జనమే. నువ్వు ఒక పాత్ర రాసి అందరికి వదుల్తె లోకంల ఎవ్వలైనా దానితోని మాట్లాడొచ్చు. ఇసొంటి సైట్ల షరతులల్ల "రాత మీదే" అని ఒక లైను ఉంటది. కిందికి పోతె "మేము దాన్ని వాడుకుంటం, మార్చుకుంటం, పైస ఇయ్యం" అని ఇంకో లైను ఉంటది. 2024 ఆగస్టుల ఆ కంపెనీ పెట్టిన ఇద్దరు గూగుల్‌కు పోయిన్రు, దాని టెక్నాలజీ వాడుకునే లైసెన్సు గూగుల్ తీసుకున్నది. పాత్రలు రాసి సైటు నింపిన జనం ఆ ఒప్పందంల ఎక్కడ లేరు. పొలం దున్నినోడు ఒకడు, వడ్లు ఎత్తుకపోయినోడు ఇంకొకడు అన్నట్టే.

చాటు కూడ చాటు కాదు. ఏఐ డంజన్ అనే ఆటల, మెషీన్ అనుమానపడ్డ ప్రైవేటు కథలను కంపెనీ మనుషులు చదువొచ్చని 2021ల బయటపడ్డది. ఆడేటోళ్లు పెద్ద లొల్లి చేసిన్రు. చిన్నపిల్లల మీద చెడ్డరాతలు ఆపుడు తప్పనిసరి, దాంట్ల నాకు రెండో మాట లేదు. గాని మన రాతను ఎవ్వలు చదువుతరో ముందే చెప్పాలె.

యాస ఎవ్వని నోట్ల పెడ్తున్నవ్?

ఈ పేజి చదివేటోళ్లను ఒకటి అడుగుత. మీరు రాసిచ్చే పాత్రలల్ల హీరో ఏ తెలుగు మాట్లాడ్తున్నడు? సిన్మాలల్ల ఏండ్ల తరబడి మన యాసను రౌడీ నోట్ల, జోకరు నోట్ల పెట్టిన్రు. అది తప్పని కొట్లాడినం. ఇప్పుడు కలం మన చేతుల ఉన్నది. అయినా పోలీసాఫీసరు పాత్ర రాస్తె పుస్తకం తెలుగు, దొంగ పాత్ర రాస్తె ఊరి తెలుగు పెట్టి ఇస్తున్నరు. పేరు చూస్తె కులం తెలిసే తీరుగ పనోళ్ల పాత్రలు రాస్తున్నరు.

రాసిచ్చిన పాత్ర ఒక అచ్చు లెక్క. దాన్ని పట్టుకున్నోడు ఆ అచ్చులనే ఆడ్తడు. పది చేతులు మారితె అదే లోకం అనుకుంటడు. ఊరి యాస మాట్లాడే డాక్టరమ్మను రాసియ్యి. ఆడేటోనికి ఆడనే కొత్త బాట దొరుకుతది.

ఇచ్చే ముందట నాలుగు మాటలు

తమ్మీ, చెల్లే, పాత్రలు పంచుకునుడు బంద్ పెట్టుమని నేను అంటలేను. పంచుకుంటెనే కథ పెరుగుతది. గాని ఇచ్చే ముందట నాలుగు ముచ్చట్లు తెంపుకోండ్రి. నోటితోని కాదు, ఒక్క మెసేజి రాసి పెట్టుకోండ్రి.

ఒకటి, ఈ పాత్రను చంపుడు, పెండ్లి చేసుడు, దెబ్బ తాకిచ్చుడు ఎవ్వలిని అడిగి చెయ్యాలె. రెండు, కథ ఆగిపోతె పాత్ర ఎవ్వలికాడ ఉంటది. నా సలహా ఏందంటె, మొదలు రాసిన రూపం రాసినోళ్లకు పోవాలె, ఆడినోడు పేరు మార్చుకొని తాను కలిపిన గుణాలు తీస్కపోవచ్చు. ఇద్దరు రాసిన కథను ఒక్కలే తుడిచెయ్యొద్దు. మూడు, దీన్ని వేరే గ్రూపుల, వీడియోల, ఏఐ సైట్ల పెట్టొచ్చా వద్దా. పెడ్తె ఇద్దరి పేర్లు ఉండాలె. నాలుగు, పాత్ర రహస్యాలు ఎంత చెప్పాలె. అన్నీ చెప్తె అవుతలోని పాత్రకు తెల్వని సంగతి వాడు కథల వాడుకుంటడు, ఆట చెడ్తది. పై పేజీ ఇయ్యి, లోపటి పేజీ నీ దగ్గర పెట్టుకో.

వీటికన్న పెద్ద ముచ్చట ఇంకోటి ఉన్నది. మస్తు మంది పాత్ర పేరు మీద తమ సొంత బతుకునే రాస్తరు. ఇంట్ల నాయిన తాగుడు, ప్రేమ, అవమానం, ఊరు పేరు సుత. రాతకు అది బలమే. గాని మొఖం తెల్వనోని చేతుల ఆ రెండు పేజీలు పెడ్తె నీ జుట్టు వాని చేతుల పెట్టినట్టే. ఆడిపిల్లలకు ఇది ఇంకింత ముప్పు. కథల ప్రేమ ముచ్చట స్క్రీన్‌షాట్ తీసి, "మీ ఇంట్లోళ్లకు పంపుత" అని బెదిరిచ్చెటోళ్లు ఉన్నరు. ఊరు, బడి, ఫోటో, గొంతు పాత్రల కలుపొద్దు. బెదిరిస్తె చాట్లు తుడవకుంట దాచిపెట్టి కేంద్ర సైబర్ క్రైమ్ పోర్టల్‌ల ఫిర్యాదు చెయ్యాలె. పైసలు పోతె 1930కి, పద్దెనిమిది నిండని పిల్లలైతె 1098కి ఫోన్ చెయ్యాలె. బెదిరిచ్చినోడు తప్పు చేసిండు, రాసిన పిల్ల కాదు. ఈ మాట ఇంట్ల పెద్దోళ్లు యాదికి పెట్టుకోవాలె.

క్యారెక్టర్ ఏఐ 2025 నవంబర్ నుంచి పద్దెనిమిది లోపు పిల్లలకు మెషీన్‌తోని ఇష్టమున్నట్టు మాట్లాడే సౌలతు తీసేసింది. కోర్టుల కేసులు పడి, లోకమంత అడిగినంక చేసిన పని అది. మన దగ్గర 2023ల వచ్చిన డేటా రక్షణ చట్టం కూడ పద్దెనిమిది నిండనోళ్లను పిల్లలనే అంటది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటె తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలంటది. చట్టం కాయిదం మీద ఉన్నది. దాన్ని అడిగి అమలు చేపిచ్చుకునే పని మనది.

బడిల, గ్రంథాలయంల, యువజన సంఘంల ఈ ముచ్చట పెట్టండ్రి. పది మంది కలిసి మీ గ్రూపుకు మీ కట్టుబాట్లు మీరే రాసుకోండ్రి, మన తెలుగులనే రాసుకోండ్రి. కంపెనీ షరతులు చదివి, అర్థం గాని లైను దగ్గర ఆగి "ఇదేంది" అని అడుగుండ్రి. ఒక మనిషిని ఊహించి, మాటలు పెట్టి, ఇంకొకరి చేతుల పెట్టుడు చిన్న పని కాదు. ఇచ్చినోళ్లకు పేరు దక్కాలె, కట్టినోళ్లకు ఇజ్జత్ దక్కాలె.