సైనికుడి గాయానికి భార్యే మందా?

వర్జీనియా వుల్ఫ్ ‘మిసెస్ డాలొవే’ (1925) మీద వచ్చిన విమర్శలో, యుద్ధం నుంచి చెదిరిన మనసుతో తిరిగొచ్చిన సెప్టిమస్ గురించి ఎంతైనా దొరుకుతుంది. అతని భార్య రెజియా సంగతేమిటి? పరాయి దేశంలో, టోపీలు కుట్టుకుంటూ, తనలో తను మాట్లాడుకునే భర్తను పార్కులో కనిపెట్టుకుని కూర్చున్న ఆ ఇటలీ అమ్మాయికి ఏమైందని అడిగినవాళ్లు తక్కువ. వందేళ్ల తర్వాత మన ప్రభుత్వమూ అడగటం లేదన్నదే నా ఫిర్యాదు.

2022 అక్టోబరు 10న టెలి మానస్ మొదలైంది. 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు. 2023 డిసెంబరు 1న పూణే సాయుధ దళాల వైద్య కళాశాలలో సైనికులకు, వారి కుటుంబాలకు ప్రత్యేక విభాగం తెరిచారు. మంచిపనే, కాదనను. నా పేచీ ‘కుటుంబం’ అన్న మాటతోనే. అందులో భార్య ఎవరు? సాయం అందుకునే మనిషా, భర్తకు సాయం చేసే చెయ్యా?

సైన్యంలో ఆరోగ్యాన్ని కేటగిరీలుగా కొలుస్తారు. ఆ కొలతలో మనసుకీ చోటుంది. కేటగిరీ పడిపోతే ప్రమోషన్‌కి, పోస్టింగ్‌కి ఇబ్బంది. అందుకే జవాను నోరు విప్పడు. అతను విప్పడు కనుక ఆమే విప్పకూడదు. అతని కేటగిరీ మీదే పిల్లల ఫీజులు ఆధారపడి ఉన్నాయి మరి! అతను అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచినా, చెయ్యి చేసుకున్నా ఆమె కడుపులోనే దాచుకోవాలి. “ఆయనకేం లేదండీ, నాకే నిద్రపట్టదు” అంది నాతో ఒక జవాను భార్య.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరమని గర్వంగా చెప్పుకుంటాం. అక్కడి సైనికులను లెక్కపెడతాం. రెజియాలను లెక్కపెట్టం.

సైనికుడి భార్యను రాజ్యం ఎలా చూసిందో ఒక్క నిబంధన చాలు. భర్త పోయాక ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే, అతని శౌర్య పురస్కారంతో వచ్చే భత్యం ఆగిపోయేది. భర్త సోదరుణ్ణే చేసుకుంటే మాత్రం వచ్చేది! ఈ షరతు 2017 నవంబరులో గానీ పోలేదు. ఆమెను ఆ ఇంటి ఆస్తిగా చూసిన చూపు నిబంధనతోపాటే పోయిందని నమ్మమంటారా?

దేశం కోసం ప్రాణాలొడ్డేవాడి గురించి ఈ ప్రశ్నలేమిటని కొందరు కోప్పడతారు. అతని గాయం నిజం కాదని నేననటం లేదు. ఆ గాయానికి ఆమెను కట్టు గుడ్డగా వాడొద్దంటున్నాను. ఆమెకు వేరే రికార్డు ఉండాలి. ఆమె చెప్పింది యూనిట్‌కి చేరదన్న హామీ ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం గోప్యతను హక్కుగానే ఇచ్చింది. ఇంట్లో కొడుతున్నాడా అని ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. 2005 గృహహింస చట్టం గురించి చెప్పాలి. “ఓర్చుకోమ్మా” అనడం కౌన్సెలింగ్ కాదు. ఆ మాట అత్తగారు ఎప్పుడో చెప్పింది.

ఉచిత సేవ అంటున్నారు. ఇన్నేళ్లుగా ఈ వ్యవస్థకు నిజంగా ఉచితంగా దొరికింది ఆమె శ్రమ ఒక్కటే.