ధర తక్కువైన చోటే హక్కుల పాఠం

సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్‌కు 2025 నవంబర్‌లో వైట్‌హౌస్ ఘన స్వాగతం పలికింది. జర్నలిస్టు జమాల్ ఖషోగ్గీ హత్య గురించి విలేకరి ప్రశ్నిస్తే, యువరాజుకు ఆ సంగతే తెలియదని అధ్యక్షుడు ట్రంప్ వెనకేసుకొచ్చారు. 2018 అక్టోబర్‌లో ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో ఖషోగ్గీని చంపేశారు. ఆయన్ను పట్టుకోవడానికి లేదా చంపడానికి జరిగిన ఆపరేషన్‌కు యువరాజే ఆమోదం తెలిపారన్నది అమెరికా నిఘా సంస్థల సొంత అంచనా. ఆ నివేదికను 2021లో బయటపెట్టింది కూడా అమెరికాయే. యువరాజు మాత్రం ఆ ఆరోపణను తోసిపుచ్చుతున్నారు.

ఇది ఒక్క ట్రంప్ తీరు అనుకుంటే పొరపాటు. సౌదీని ప్రపంచం వెలివేసేలా చేస్తానని ఎన్నికల ముందు చెప్పిన బైడెన్, 2022 జులైలో జెడ్డా వెళ్లి అదే యువరాజుతో పిడికిలి కలిపారు. ఉక్రెయిన్ యుద్ధంతో చమురు ధరలు మండుతున్న రోజులవి.

హక్కులకూ ప్రయోజనాలకూ మధ్య వాషింగ్టన్ ఎలా తూకం వేస్తుందో తెలియాలంటే ఢాకా చరిత్ర చూడాలి. 1971లో పాక్ సైన్యం సాగిస్తున్న ఊచకోతపై అమెరికా మౌనాన్ని అక్కడి అమెరికా కాన్సులేట్ సిబ్బందే తప్పుపట్టారు. వారి అసమ్మతి టెలిగ్రామ్‌ను కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్ 6న పంపారు. నిక్సన్, కిసింజర్ చలించలేదు. చైనాతో రహస్య మంతనాలకు పాక్ పాలకుడు యాహ్యా ఖానే వారధి మరి. చివరికి బ్లడ్‌నే ఢాకా నుంచి తప్పించారు.

యాభై ఏళ్ల తర్వాత, 2021 డిసెంబర్ 10న, అదే బంగ్లాదేశ్‌లోని ర్యాపిడ్ యాక్షన్ బెటాలియన్‌పైనా, ఏడుగురు ప్రస్తుత, మాజీ అధికారులపైనా అమెరికా ఆంక్షలు విధించింది. ఆ తర్వాత 'ఎన్‌కౌంటర్' మరణాలు బాగా తగ్గాయి. అంటే అమెరికా తలుచుకుంటే ఒత్తిడి పనిచేస్తుంది. కానీ బంగ్లాదేశ్ దగ్గర సౌదీలా చమురు లేదు, అమెరికా ఆయుధాలకు అంత పెద్ద గిరాకీ లేదు. ఆంక్షల వల్ల వాషింగ్టన్‌కు పోయేది తక్కువ.

ఈ లెక్క మనకూ అనుభవమే. గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్న మోదీకి 2005లో వీసా నిరాకరించిన అమెరికా, 2014లో ఆయన ప్రధాని కాగానే ఆహ్వానం పంపింది. ఈ మధ్యలో గుజరాత్ అల్లర్లపై అమెరికా తన అభిప్రాయం మార్చుకున్నట్టు ఎక్కడా చెప్పలేదు. మారింది ఆయన కుర్చీ.

అలాగని హక్కుల మాటంతా నాటకమని తేల్చేయడమూ సరికాదు. ఢాకాలో ఆంక్షల వల్ల ప్రాణాలు దక్కినవారికి అది నాటకం కాదు. ఆ ఆంక్షలకు ఆధారం హక్కుల సంఘాలు ఏళ్ల తరబడి నమోదు చేసిన హత్యల, అదృశ్యాల వివరాలే. అగ్రరాజ్యం ఎప్పుడు పలుకుతుందో బాధితుల చేతిలో లేదు. జరిగిన అన్యాయాన్ని పేర్లతో, తేదీలతో నమోదు చేసి ఉంచడం మాత్రం వారి పక్షాన నిలిచేవారి చేతిలో ఉంది. ఆ పని కొనసాగాలంటే ముందు ఆ సంఘాలను బతకనివ్వాలి. ఆ బాధ్యత వాషింగ్టన్‌ది కాదు, మన దక్షిణాసియా ప్రభుత్వాలది.