మన పల్లెలు : కీసర

జావా, సుమత్రా దీవుల కొండపల్లెలను గూర్చి ఎవరైన వ్రాసినచో మనము ముచ్చటపడి చదువుదుము. అచ్చటి పొగమంచు, మెట్టచేలు, చిత్రమైన యిండ్లు మన కన్నులకు కట్టును. కాని యింటి ముంగిటనున్న గుట్టను చూడక బ్రతుకులు వెళ్లబుచ్చువారము కూడ మనమే. ఉప్పలు, నాచారము ప్రాంతములలో కాపురముండి కీసరకు శివరాత్రినాడు దప్ప మఱొకనాడు పోని సోదరీమణులు వేనవేలు గలరు. మేమును మొన్నటివరకు ఆ కోవలోని వారమే.

ఒక సోమవారము ఉదయమున ఉప్పలులో బస్సెక్కి, నాచారము మీదుగా ఇ.సి.ఐ.ఎల్. కూడలికి పోయి, అచ్చట బండి మారి నాగారము దాటి కీసర చేరితిమి. 2023 డిసెంబరు నుండి తెలంగాణ ప్రభుత్వపు సామాన్యపు బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితము గదా. సున్న రూపాయల టిక్కెట్టు చేతబట్టుకొని మాతోబాటు కూర్చుండినవారిలో గంపలు దించుకొన్న కూరగాయల స్త్రీలే యెక్కువ. నాగారమువరకు మిద్దెలపై మిద్దెలు. ఆ పిదప ఖాళీ నేలలు కనబడినవి గాని అవియు చేలు కావు. సున్నపుగీతలు గీచి, హద్దురాళ్లు పాతిన ఇండ్లస్థలములు. ఒకప్పుడు ఈ వైపున ద్రాక్షతోటలు ప్రసిద్ధములు. నగరమును చుట్టి 158 కిలోమీటర్లు సాగు బాహ్యవలయ రహదారి కీసర ప్రక్కగా పోయిన తరువాత నేలకు పంటకంటె వెల యెక్కువైనది.

కీసర 2016 వరకు రంగారెడ్డి జిల్లాలో నుండెను. ఆ యేటి అక్టోబరులో జిల్లాలను విభజించినప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనికి వచ్చినది. ఊరు దాటి పోయినచో గుట్ట. మన దక్కను పీఠభూమియే సముద్రమట్టమునకు 500 మీటర్ల పైచిలుకు ఎత్తుననున్నది. దానిపై మఱల నల్లరాతి గుండ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లు లేచియుండును. ఈ రాయి వయస్సు రమారమి 250 కోట్ల సంవత్సరములని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

గుట్టపై రామలింగేశ్వరస్వామి యాలయము. రావణవధ జరిగిన పిమ్మట బ్రహ్మహత్యాదోష పరిహారమునకై రాముడు ఇచ్చట శివలింగమును ప్రతిష్ఠింప నెంచి, కాశినుండి లింగమును తెమ్మని హనుమంతుని పంపెనట. ముహూర్తము దాటిపోవుచుండెను. శివుడే ప్రత్యక్షమై లింగము నొసగెను. నూటయొక్క లింగములను మోసికొనివచ్చిన హనుమంతుడు తన శ్రమ వృథయైనదని అలిగి వానిని గుట్టనిండ విసరివేసెను. రాముడు ఆతని నూరడించి, ఈ కొండకు కేసరినందనుని పేర కేసరిగిరి యని నామమిచ్చెను. అదియే వాడుకలో కీసర యైనదట. ఆలయము వెలుపల బండలపై, చెట్లక్రింద నేటికిని లెక్కకు మించిన లింగములు పడియున్నవి. రామేశ్వరపు కథలో సీతమ్మ ఇసుకతో లింగము చేసినట్లు విందుము. మేము విన్న కీసర కథలో సీతమ్మ ఊసే లేదు. ఎందుకో యని పూజారిగారి నడుగగా చిరునవ్వు నవ్వి యూరకుండిరి.

పురాణము సరే, చరిత్రయు తక్కువది కాదు. పురావస్తుశాఖవారు త్రవ్వగా గుట్టచుట్టు కోటగోడయు, ఇటుక కట్టడముల పునాదులును, విష్ణుకుండిన రాజుల నాణెములును బయల్పడినవి. క్రీస్తుశకము 5, 6 శతాబ్దులలో తెలుగునాట నేలిన వంశమది. ఆ వంశపు స్త్రీలను తలపక పోరాదు. గోవిందవర్మ మహారాజు రాణి పరమభట్టారికా మహాదేవి ఇంద్రపాలనగరమున, అనగా నేటి తుమ్మలగూడెమున, బౌద్ధ విహారమును కట్టించెను. దానికి రాజు గ్రామములను దానమిచ్చినట్లు రాగిశాసనము కలదు. మాధవవర్మ వాకాటక రాజపుత్రికను పెండ్లియాడెను.

అయినను మాకు రాజులకంటె ఎక్కువగా నచ్చినది ఒక బండపైనున్న ఒక్క మాట. బ్రాహ్మీలిపిలో "తొలుచువాండ్రు" అని చెక్కియున్నది. క్రీస్తుశకము 4, 5 శతాబ్దుల కాలపుదని పండితుల యభిప్రాయము. కడపజిల్లా కలమళ్లలో దొరకిన తొలి పూర్తి తెలుగు శాసనము 575వ సంవత్సరమునాటిది. ఈ మాట దానికంటెను పాతది. రాతిని తొలుచు పనివారు తమ్ము గూర్చి తాము వ్రాసికొన్న మాట. పేరు లేదు, బిరుదు లేదు, వృత్తియొక్కటే యున్నది. ఇంకొక ముచ్చట. తెలుగులో "వాండ్రు" అన్నచో పురుషులనియే కాదు. స్త్రీపురుషుల కిరువురకును ఆ బహువచనము చెల్లును. కావున ఆ రాళ్లు తొలిచినవారిలో ఆడువారు లేరని వ్యాకరణము మాత్రము చెప్పజాలదు. ఈ మాట మా యింట చెప్పగా పురుషులు నవ్విరి. నవ్వనిండు.

గుట్ట దిగువను మారేడుపత్రి, టెంకాయలు అమ్ము ఒక అవ్వ కడ కూర్చుంటిమి. ఎదుటనున్న హద్దురాళ్ల నేలను చూపి, "గదే మా తల్లిగారి జాగ బిడ్డా. రోడ్డు వడ్డంక తమ్ముండ్లు అమ్మిన్రు" అన్నది.

"నీకేమైన ఇచ్చిరా అవ్వా?"

"ఆఫీసుకు తోల్కపోయి ఏలుముద్ర వెట్టుమన్నరు, వెట్టిన. మూడు చీరెలు వెట్టిన్రు."

"ఏమి కాగితము అది?"

"నాకేమెరుక? సదువొచ్చినోళ్లు సదువుకోవాలె. అడిగితే రేపు తల్లిగారి గడప ఎట్ల తొక్కుత?"

మేమేమియు పలుకలేకపోతిమి. అవ్వకు తెలియనిది మనకైన తెలియవలదా? ఉమ్మడి హిందూ కుటుంబపు ఆస్తిలో కూతుండ్రకు కొడుకులతో సమమైన హక్కును ఆంధ్రప్రదేశము 1985 సెప్టెంబరు నుండియే యిచ్చెను. కాని అప్పటికే పెండ్లియైనవారికి అది లేకుండెను. అవ్వ వంటివారందరు అట్లు వెలుపలనే మిగిలిరి. 2005లో కేంద్రచట్టము ఆ భేదమును తీసివేసినది. తండ్రి 2005 నాటికి జీవించియుండవలసిన పని లేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చినది. 2004 డిసెంబరు 20కి పూర్వమే పద్ధతి ప్రకారము జరిగిన పంపకములు, అమ్మకములు మాత్రము తిరుగవు. పిదప జరుగు అమ్మకములలో కొనువారు ఆడపడుచుల సంతకము కోరుట ఇందువలననే. ఆ సంతకమునకు వెల గలదు గనుకనే అడుగుదురు. ఆ కాగితము పేరు తరచుగా హక్కు విడుదల పత్రము. రిజిస్టరైన పిదప దానిని రద్దుచేయించుట మిక్కిలి కష్టము. తోబుట్టువులకు ప్రేమతో విడిచిపెట్టుట తప్పని మేమనము. తెలిసి విడుచుట వేరు, మూడు చీరలకు తెలియక విడుచుట వేరు. ఇంటనున్న చదువుకొన్న పిల్లచేత ఆ పత్రమును ఒకమారు పైకి చదివించుకొనుడు.

అవ్వ మాకు రెండు మారేడుదళములు కొసరు వేసినది. చిల్లర లేదన్నను వినలేదు.

పోదలచినవారికి రెండు మాటలు. శివరాత్రికి జాతర కొన్ని దినములు సాగును; జనము లక్షలలో వత్తురు; చంటిపిల్లలతో ఆనాడు పోరాదు. కార్తిక సోమవారములును రద్దీయే. మామూలు దినమున ఉదయముననే బయలుదేరి, త్రాగునీరు వెంట తీసికొని పొండు. శాసనపు బండపై కూర్చుండకుడు. దానిపై పసుపుకుంకుమలు పూయకుడు. కోతులు చేతిలోని సంచిని లాగికొనును. మా అరటిపండ్లు ఆ విధముగనే పోయినవి.