టాబ్ వెనక ఎవరున్నారు?

మొబైల్ ఆరోగ్య యాప్‌ను ఫోన్‌లో వేసుకోవడం ఒక ఎత్తు, నెలల తరబడి వాడటం మరో ఎత్తు. 2020 ఏప్రిల్ 2న వచ్చిన ఆరోగ్య సేతును పదమూడు రోజుల్లోనే 5 కోట్ల మంది వేసుకున్నారు. కరోనా భయం తగ్గాక దాన్ని తెరవాల్సిన పని లేకపోయింది. జనం ఇలా క్రమంగా జారిపోవడం ఈ రంగమంతటా ఉన్నదే. దీన్ని పరిశోధకుడు గుంథర్ ఐసెన్‌బాక్ 2005లోనే ఒక సూత్రంగా చెప్పారు.

బీపీ, షుగర్ విషయంలో ఈ చిక్కు మరింత పెద్దది. పల్లెల్లో ప్రాణాలు తీసేది ప్రధానంగా అంటురోగాలేనన్న నమ్మకాన్ని ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల లెక్కలు 2003-04లోనే తారుమారు చేశాయి. సుమారు 1.8 లక్షల జనాభాలో ఏడాదికి నమోదైన 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల సంభవించినవే. అయితే బీపీకి నొప్పి ఉండదు. ఒంట్లో బాగానే ఉన్న మనిషి రోజూ మాత్ర వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, మళ్లీ మళ్లీ చూపించుకోవాలి. ఇవన్నీ గుర్తుచేసే యాప్‌కు అతని ఒంట్లోంచి ఏ సాయమూ అందదు. ఊరగాయ, ఎండుచేపలు లేకుండా ముద్ద దిగని ఇంట్లో ఆ హెచ్చరిక ఇంకా బలహీనం.

జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ ఈ గుర్తుచేసే పనిని రోగి ఫోన్‌కు వదలకుండా ఆశా కార్యకర్త చేతికిచ్చింది. స్మార్ట్‌హెల్త్ ఇండియా పేరుతో మొదట 11 గ్రామాల్లో పరీక్షించి, తర్వాత పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కిందికి వచ్చే 54 గ్రామాలకు విస్తరించింది. ఆశా ఇంటికి వెళ్లి బీపీ చూసి, వివరాలు టాబ్‌లో ఎక్కించేది. రాబోయే పదేళ్లలో గుండెపోటు, పక్షవాతం వచ్చే ముప్పు ఎంతో టాబ్ లెక్కకట్టేది. ముప్పు ఎక్కువున్నవారిని ఆశా డాక్టరు దగ్గరికి పంపేది.

2019లో వెలువడిన ఫలితం ఆశలకు తగ్గట్టు లేదు. ఎక్కువ ముప్పున్నవారిలో బీపీ అదుపులోకి వచ్చినవారి నిష్పత్తి, ఈ పద్ధతి వల్లే పెరిగిందని చెప్పగలిగినంత తేడా కనబడలేదు. దీన్ని కేవలం యాప్ వైఫల్యంగా చూడటం సరికాదు. టాబ్ ముప్పును చూపగలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేకపోయినా, నెలకు సరిపడా మాత్రలు దొరక్కపోయినా అదేమీ చేయలేదు. కూలి మానుకుని ఒకసారి వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చినవారికి రెండోసారి వచ్చే సూచన బరువు తగ్గిపోతుంది.

సాంకేతిక సాధనాల నిరంతర వాడకంపై పరిశోధకుడు భట్టచార్జీ 2001లో ప్రతిపాదించిన నమూనా కూడా ఇక్కడికే తెస్తుంది. మొదటిసారి వాడటానికి ఆశ చాలు. మళ్లీ వాడాలంటే ఆ ఆశ నెరవేరి ఉండాలి. రంగురంగుల బొమ్మలు, పతకాలు, రోజువారీ అడుగుల లెక్కలు పట్టణ యువతను కొన్నాళ్లు పట్టి ఉంచవచ్చు. రొయ్యల చెరువు మీద పనిచేసే మనిషికి కావాల్సింది బీపీ అంకె తగ్గిందని తెలిసిన గొంతు చెప్పడం.

ఈ-సంజీవని మరో దారి చూపుతుంది. ఆరోగ్య ఉపకేంద్రాల నుంచి డాక్టరుతో మాట్లాడించే ఈ సేవ 2019 నవంబరులో మొదట ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. అక్కడ యాప్‌ను నడిపేది ఆరోగ్య సిబ్బంది. రోగి తెలుగులో చెప్పుకుంటాడు, తెర అవతల డాక్టరు వింటాడు. చదువు రానివారికీ, ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్నవారికీ ఈ ఏర్పాటు సులువు.

సిబ్బందికి మాత్రం అంత సులువు కాదు. గర్భిణుల వివరాలకు ఒక యాప్, టీకాలకు మరొకటి, బీపీ-షుగర్ సర్వేకు ఇంకొకటి. అవే పేర్లు, అవే వయసులు మళ్లీ మళ్లీ కొట్టాలి. పైగా అదే వివరం రిజిస్టరులోనూ రాయాలి. ఒకసారి ఎక్కించిన సమాచారం అన్ని యాప్‌లకూ అందితే, రిజిస్టరు బరువు తగ్గితే, ఆశాకు ఇంటి అరుగు మీద కూర్చుని మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగే సమయం మిగులుతుంది.