సరస్వతియాకును పరీక్షింపవలదా?

సరస్వతియాకును మేము నిందింపము. చరకుడు దాని స్వరసమును మేధ్యరసాయనములలో చేర్చెను. కాని ముసలివారికి మతి తప్పుచున్నదని ఆకుపొడి నిచ్చి, రక్తపుపోటు మాత్రలను మానిపించువారు మన గుంటూరు, ఒంగోలు సీమలలో నున్నారు. మా ఆక్షేపణ వారిపైననే.

మెదడులోని సన్నని నాళములు పూడుటచేతను చిట్లుటచేతను కలుగు మతిభ్రంశమునకు మూలము రక్తపుపోటు, మధుమేహము, పొగాకు. (ఆవకాయలో దోషము కారముది కాదు, ఉప్పుది.) రక్తమందక చచ్చిన మెదడుభాగమును తిరిగి బ్రతికించు మూలిక ఇంతవరకు దొరకలేదు. చైనాలో గ్రామవైద్యులే మాత్రలిచ్చి పోటు నదుపుచేసిన పల్లెలలో మతిభ్రంశము నూటికి 15 వంతులు తగ్గెనని, దాదాపు 34,000 మందిని నాలుగేండ్లు చూచినమీదట, 2025లో తేలినది. పాశ్చాత్యులు మిగుల నమ్మిన గింకో ఆకు సారమును 3,069 మంది వృద్ధులలో పరీక్షింపగా, అది మతిభ్రంశమును నివారింపలేదని 2008లో తేలినది.

అట్లయిన మూలికలన్నియు వ్యర్థములా? కావు. సర్పగంధను చూడుడు. ఆ వేరు రక్తపుపోటును తగ్గించునని 1931లో కలకత్తానుండి గణనాథసేన్, కార్తికచంద్ర బోసు వ్రాసిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు తన రోగుల లెక్కలను బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండువారు దానినుండి రిసెర్పినును తీసిరి. నేడు మేలైన మాత్రలు వచ్చి దాని వాడుక తగ్గినది గాని, ఆ వేరునకు లోకమున పేరు తెచ్చినవి లెక్కలే, పొగడ్తలు కావు.

లాం క్షేత్రములో క్రొత్త మిరపవంగడమును పాతదాని ప్రక్కనే నాటి, దిగుబడి తూచి చూతురు. నకిలీ పత్తివిత్తనముచే మునిగిన రైతులకు ఈ న్యాయమును మేము బోధింపనక్కరలేదు. మందునకు మాత్ర మది యేల వలదు? బ్రాహ్మి యను నొక్క పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముడగుచున్నవి: ఒకటి మన సరస్వతియాకు, రెండవది నీటిబ్రాహ్మి. సీసాలో నున్నది ఏదియో కొనువాడెరుగడు.

మంగళగిరిలో ఎయిమ్సు కలదు. గుంటూరు వైద్యకళాశాల 1946 నుండియు కలదు. ఈ రెండును కూడి, రోగులలో సగముమందికి ఆకును, సగముమందికి అట్లే కనబడు ఉత్తమాత్రను ఇచ్చి, ఎవ్వరికిని పోటుమాత్రలను మానిపింపక, రెండు మూడేండ్లు పరీక్షింపవలెను. వ్యయమును ప్రభుత్వము భరింపవలెను. ఆకు నెగ్గినను, ఓడినను, ఆ లెక్కను తెలుగులో ప్రకటింపవలెను.