ఎఫెసు చర్చి పోగొట్టుకున్న మొదటి ప్రేమ

ప్రకటన గ్రంథంలో ప్రభువు ఏడు సంఘాలకు రాయించిన లేఖల్లో మొదటిది ఎఫెసు చర్చికి అందింది. అందులో ముందుగా వినిపించేది మెప్పే! ఆ చర్చి కష్టపడి పని చేస్తోంది, ఓర్పుతో నిలబడింది, అపొస్తలులమని చెప్పుకొచ్చిన అబద్ధికుల్ని పరీక్షించి పట్టుకుంది, ప్రభువు నామం కోసం భారాలు మోసి కూడా అలసిపోలేదు (ప్రకటన 2:2,3). ఏ పాస్టరుకైనా ఇంతకన్నా మంచి నివేదిక ఏం కావాలి? మన సంఘాల వార్షిక సమావేశంలో ఇలాంటిది చదివితే చప్పట్లు ఆగవు. కాని ప్రభువు అక్కడితో ఆగలేదు. మొదట్లో నీకున్న ప్రేమ ఇప్పుడు నీలో లేదన్నాడు.

ఈ మాట నన్ను చాలాకాలంగా భయపెడుతోంది. చర్చికి రావడం మానేసినవారిని, ప్రార్థన వదిలేసినవారిని చూసి ‘చల్లారిపోయారు’ అంటాం. కాని ఎఫెసులో చల్లారింది పని మానేసిన విశ్వాసులు కాదు, పనిలో తలమునకలైనవారు. బోధలో తప్పు లేదు, క్రమశిక్షణలో లోటు లేదు, దేవుడు మాత్రం దూరమయ్యాడు. నా సంగతే చెబుతాను. కొన్నేళ్ల పాటు నేను బైబిల్ తెరిచిందంతా వచ్చే ఆదివారం ఏం చెప్పాలి, ఈ శీర్షికకు ఏం రాయాలి అన్న వెతుకులాట కోసమే! వాక్యం నాతో ఏం మాట్లాడుతోందని ఆగి విన్న రోజులు తక్కువ. బయటివారెవరికీ ఆ లోటు తెలియలేదు, ప్రసంగాలు బాగున్నాయనే అన్నారు.

ఎఫెసు అప్పట్లో గొప్ప ఓడరేవు పట్టణం. పౌలు అక్కడ మూడేళ్లు కన్నీళ్లతో బోధించాడు (అపొ.కా. 20:31). ఆ చర్చి పెద్దలు మిలేతులో ఆయన్ను సాగనంపుతూ మెడ పట్టుకుని ఏడ్చారు, ఇక ఆయన ముఖం చూడబోమన్న మాటకే వారి గుండె చెరువైంది. అలాంటి చర్చి దాదాపు నలభై ఏళ్లలో ప్రేమ తగ్గిన చర్చి అయింది. ఏ ఉపద్రవమూ రాలేదు. ఆ ఊరి రేవు కూడా అలాగే పోయింది. నది ఏటేటా తెచ్చిపోసిన ఒండ్రుమట్టితో మెల్లమెల్లగా పూడిపోయింది. నేడు టర్కీలో ఉన్న ఆ శిథిలాలకూ సముద్రానికీ మధ్య కొన్ని కిలోమీటర్ల నేల ఉంది!

మరి చల్లారినదాన్ని రగిలించేదెలా? ఆవేశం తెచ్చుకోమని ప్రభువు చెప్పలేదు. ఎక్కడినుంచి పడిపోయావో గుర్తు చేసుకో, మారుమనస్సు పొందు, మొదటి క్రియలు మళ్లీ చెయ్యి అన్నాడు (2:5). ఈ మూడింటిలో చివరిదాని మీద ప్రసంగాలు తక్కువ. ఎఫెసువారి మొదటి క్రియలేమిటో ఊహించుకోనక్కర్లేదు, అపొస్తలుల కార్యాలు 19వ అధ్యాయంలో రాసి ఉన్నాయి. విశ్వసించిన చాలామంది వచ్చి తాము చేసినవాటిని అందరి ముందూ ఒప్పుకున్నారు. మాంత్రిక విద్యలవారు తమ పుస్తకాలు తెచ్చి బహిరంగంగా కాల్చేశారు. వాటి వెల లెక్కగడితే 50 వేల వెండి రూకలు! ఒక రూక సుమారు ఒక రోజు కూలి. ఒక్క కూలీ సెలవు లేకుండా పని చేస్తే ఆ సొమ్ము సంపాదించడానికి 130 ఏళ్లు దాటుతుంది.

ఇక్కడ గమనించాల్సిందొకటుంది. అందరి ముందూ నోరు విప్పినవారు అప్పటికే విశ్వాసులు! చర్చికి వస్తూనే వారు దాచుకున్నవి కొన్నున్నాయి. అవి బయటపడిన రోజునే ఎఫెసులో వాక్యం ప్రబలమైంది. ఇంకో సంగతి, వారు ఆ పుస్తకాలు అమ్మలేదు. మనమైతే కమిటీ వేసి, మంచి ధరకు అమ్మి, చర్చికి ప్రహరీ గోడ కట్టించేవాళ్లమేమో!

ఈ రోజుల్లో చర్చి చప్పగా ఉందనిపిస్తే మనకు తోచే మందులు వేరు. కొత్త సౌండ్ సిస్టమ్, దూరం నుంచి పేరున్న ప్రసంగీకుడు, మూడు రోజుల ఉజ్జీవ కూడికలు, ఒక రాత్రి ఆల్‌నైట్ ప్రేయర్. అవి తప్పని అనను, వాటిలో దేవుణ్ణి కలుసుకున్నవారున్నారు. కాని ఇంట్లో అటక మీద పుస్తకాలు అలాగే ఉంచి కూడికకు వెళితే సోమవారం నాటికి ఏం మిగులుతుంది? కొడుకు పెళ్లిలో పుచ్చుకున్న కట్నం ఉంది. పొలం గట్టు దగ్గర మొదలై కోర్టుకెక్కిన అన్నదమ్ముల వ్యాజ్యం ఉంది. ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకుంటూ పదేళ్లుగా పలకరించుకోని రెండు కుటుంబాలున్నాయి. ఇవి కదలకుండా ‘అగ్ని పంపు ప్రభూ’ అని ఎంత గట్టిగా అరిచినా నాకెందుకో నమ్మకం కలగదు.

ఎఫెసులో ఉండమని పౌలు నిలిపిన తిమోతికే ఆయన మరోసారి రాస్తూ, నీలోని దేవుని వరాన్ని రగిలించుకో అన్నాడు (2 తిమోతి 1:6). కొత్త నిప్పు తెచ్చుకోమనలేదు. కట్టెల పొయ్యి మీద వండిన మన అమ్మమ్మలకు ఈ మాట వివరించనక్కర్లేదు. తెల్లవారుజామునే నివురు పక్కకు తోసి, నాలుగు పుల్లలు పేర్చి, కళ్లలో నీళ్లు కారుతున్నా ఊదుగొట్టంతో ఊదేవారు. మంటకన్నా ముందు పొగ వచ్చేది. ఒప్పుకోలు కూడా అంతే, మొదట్లో మనకూ ఇంటివారికీ కళ్లు మండుతాయి.

ఆ లేఖ అందాక ఎఫెసు చర్చి ఏం చేసిందో బైబిల్ చెప్పదు. కాని క్రీ.శ. 110 ప్రాంతంలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ను మరణశిక్ష కోసం పదిమంది సైనికుల కాపలాతో రోమాకు తరలిస్తూ దారిలో స్ముర్నలో ఆపారు. ఎఫెసు నుంచి అది రెండు మూడు రోజుల నడక. మరణశిక్ష పడిన ఖైదీని పలకరిస్తే ఎవరికైనా ప్రమాదమే. అయినా ఎఫెసు బిషప్ ఒనేసిము మరి కొందరు విశ్వాసులతో కలిసి స్ముర్నకు వెళ్లాడు. ఇగ్నేషియస్ ఆ చర్చికి రాసిన లేఖ నేటికీ ఉంది, అందులో ఆయన వారి ప్రేమనే మెచ్చుకున్నాడు. ఆ వెళ్లినవారిలో బుర్రస్ అనే పరిచారకుణ్ణి తన దగ్గరే ఉండనివ్వమని కూడా అడిగాడు. ఎఫెసువారు ఒప్పుకున్నారు. బుర్రస్ ఆ ఖైదీ వెంట త్రోయ దాకా వెళ్లాడు. అక్కడినుంచి ఇగ్నేషియస్ ఫిలదెల్ఫియకు, స్ముర్నకు పంపిన లేఖలు అతని చేతి మీదుగానే వెళ్లాయి.