గ్రంథాలయమునకొక గోలీల పెట్టె

తెలుగు పాఠకులకును, గ్రంథాలయ నిర్వాహకులకును, ఉపాధ్యాయులకును, వడ్రంగము నెఱిగిన శిల్పులకును సవినయముగ విన్నవించునది:

వేసవి సెలవులలో గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలకు మనము కథల పుస్తకముల నిచ్చుచున్నాము, చదరంగపు బల్ల నిచ్చుచున్నాము. వీనితోడ మఱియొక వస్తువును, అనగా గాడి తీసిన చెక్కలు, నిలువున చీల్చిన గొట్టములు, ఎత్తు నిలుపుటకు కొన్ని దిమ్మెలు, గుప్పెడు గోలీలు గల యొక పెట్టెను చేర్చవలయునని కోరుటయే యీ విజ్ఞప్తి సారాంశము. ఆ ముక్కలను కూర్చి పిల్లలు తామే బాట కట్టుదురు. పైనుండి విడిచిన గోలీ మలుపులు తిరిగి, మెట్లు దిగి, అడుగున నున్న గిన్నెను చేరవలయును. చేరినచో ఆట గెలిచినట్లు. చేరనిచో ఎచ్చట, ఏల ఆగిపోయెనో వారే కనుగొనవలయును. ఈ రెండవ సందర్భముననే విద్య యున్నదని నా మనవి.

పాఠ్యపుస్తకము నందలి లెక్క తప్పినచో ఎఱ్ఱసిరా గీటు పడును గాని, ఆ తప్పు ఏ తెరువున వచ్చినదో పెక్కుమార్లు బాలునకు గోచరింపదు. గోలీల బాటలో తప్పు కన్నుల యెదుటనే జరుగును. రెండు ముక్కల యతుకునొద్ద దిగువ ముక్క వెండ్రుకవాసి యెత్తుగ నున్నచో గోలీ తట్టుకొని యెగిరిపడును. దాని నిసుమంత దించినచో నిరాటంకముగ సాగిపోవును. మలుపున వేగ మధికమైనచో గట్టు దాటి నేలపాలగును. అప్పుడు గట్టునైన పెంచవలయును, మలుపునైన విశాలము చేయవలయును, వాలునైన తగ్గింపవలయును. ఒక్క దోషమునకు మూడు పరిహారము లుండుటయు, వానిలో నేది సులభమో, ఏది గట్టిదో, ఏది చేతనున్న సామగ్రితో సాధ్యమో విచారించి యెన్నుకొనుటయు నింజనీరు నిత్యము చేయు పనియే కదా! ఊగులాడు నాలుగు కాళ్ల గోపురమునకు ఏటవాలుగ నొక బద్దను బిగించి దాని కదలిక మాన్పిన బాలిక, రైలు వంతెనల ఉక్కు దూలములందు త్రిభుజము లేల కనబడునో ఎవరును చెప్పకయే గ్రహింపగలదు.

ఇది కేవల శిశుక్రీడ యని తేలికగ చూచువారు గెలీలియోను స్మరింతురు గాక. 1638లో వెలువడిన తన గ్రంథమున ఆయన వర్ణించిన ప్రయోగమునకు సాధనము, పండ్రెండు మూరల చెక్కయందు తీసిన గాడియు, దానిలో నతికించిన నునుపైన చర్మపత్రమును, దొర్లించిన కంచుగుండును మాత్రమే. పాత్రనుండి సన్నధారగ కారిన నీటిని తూచి కాలమును కొలిచి, గుండు పోయిన దూరము కాలముయొక్క వర్గము ననుసరించునని ఆయన నిర్ధారించెను. ఆ సత్యమును మన గ్రంథాలయపు వరండాలో చెవితోనే పరీక్షింపవచ్చును: రెండు మీటర్ల గాడిచెక్కను కొలదిగ వాల్చి, గోలీని విడుచు చోటినుండి 10, 40, 90, 160 సెంటీమీటర్లకడ సన్నని రబ్బరు బ్యాండ్లు తొడిగినచో, వాని నడిమి యెడము 30, 50, 70గ పెరుగుచున్నను, గోలీ తాకిన చప్పుళ్లు తాళము వేసినట్లు సమానవ్యవధిలో వినవచ్చును.

నిలువు వలయము కథ మఱింత రసవత్తరము. ఇరువది సెంటీమీటర్ల వ్యాసము గల వలయమును గోలీ చుట్టి రావలయునన్నచో, ఇరువది సెంటీమీటర్ల యెత్తునుండి విడిచిన చాలునని పిల్లలు తలంతురు. విడిచిచూడగా అది వలయాగ్రమును చేరకయే జారిపడును. వలయశిఖరమున పట్టు తప్పకుండుటకు గోలీకి కొంత వేగము మిగిలియుండవలయును. పైగా దొర్లుచున్న గోలీ తన శక్తిలో నొక భాగమును ఆత్మభ్రమణమునకు వ్యయము చేయును. కావున ఘర్షణ నష్టము లేదనుకొన్నను ఇంచుమించు ఇరువదియేడు సెంటీమీటర్ల యెత్తు కావలయును; నిజమున నింకను పైనుండి విడువవలసియుండును. ఈ సంఖ్యను ముందుగ చెప్పుట పిల్లల సొత్తు నపహరించుటయే యగును గావున, దీనిని పెద్దలకొఱకు మాత్రమే యిచట వ్రాసితిని.

స్విట్జర్లాండులో మథియాస్ ఎట్టర్ రూపొందించిన క్యూబోరో దారుఖండములును, జర్మనీలోని రావెన్స్‌బర్గర్ సంస్థ 2017లో వెలువరించిన గ్రావిట్రాక్స్ సామగ్రియు ఈ జాతివే. బహుచక్కనివే గాని సామాన్య గృహస్థునకు భారము. పాఱవేయు వస్తువులతో శాస్త్రపు బొమ్మలు చేయు విద్యను దేశమంతట వ్యాపింపజేసి 2018లో పద్మశ్రీ నందిన అరవింద గుప్త గారి మార్గము మనకు మేలైనది. ఒక్కొక్క యింట నొక్కొక్క పెట్టె కొనుటకంటె ఊరికొక పెట్టె యుండుట మఱియు మేలు. ఏలయన నలుగురు పిల్లలు కలిసి కట్టునపుడే వాదమును, సమాధానమును పుట్టును. 1914లో బెజవాడలో తొలి మహాసభ జరుపుకొని, తదుపరి కాలువలలో పడవలపై సైతము పుస్తకములను పల్లెలకు చేర్చిన గ్రంథాలయోద్యమము మనది. ఈ చిన్నపెట్టె దానికి బరువు కాజాలదు.

కావున వడ్రంగి సోదరులు మిగిలిన చెక్కముక్కలకు గాడి తీసి యిత్తురు గాక. ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱతో బొమ్మలు చేయు శిల్పులు గోలీ పరిమాణపు కఱ్ఱగుండ్లను కొన్నిటిని చేసి యిచ్చినచో, బరువైన గాజుగోలీయు తేలికయైన కఱ్ఱగుండును ఒకే పలకపై నించుమించు కలిసియే దిగివచ్చుటను చూచి పిల్లలు విస్మయ మందగలరు. ఉపాధ్యాయులు వారమున కొక గంట యీ యాటకు కేటాయించి, దానికి మార్కులు వేయకుందురు గాక. విదేశములందున్న తెలుగువారు తమ బిడ్డలు ఆడి విడిచిన సామగ్రిని స్వగ్రామ గ్రంథాలయమునకు పంపుదురు గాక. మూడేండ్లలోపు శిశువులు గోలీలను నోట పెట్టుకొని ప్రాణాపాయము తెచ్చుకొందురు గావున, పెట్టెను వారి కందని యెత్తున నుంచుట నిర్వాహకుల ధర్మము.

తల్లిదండ్రులకు ప్రత్యేకముగ నొక ప్రార్థన: గోలీ ఆగినప్పుడు మీ చేయి ముందునకు సాగనీయకుడు, ఏమి జరిగినదని మాత్రమడుగుడు. ఈ వేసవి సెలవులు మొదలగులోపల మీ యూరి గ్రంథాలయమునకు పోయి, నిర్వాహకునితో మాటలాడి, ఒక బల్లను, ఒక పెట్టెను, వారమున రెండు సాయంకాలములను పిల్లలకొఱకు సంపాదించి పెట్టుడని మిమ్ము వేడుచున్నాను.